నుండి, వరకు – నడుమ ఒక గీత

రెండు తేదీల నడుమ గీసే ఒక చిన్న గీత గురించి ఇంత పొడవైన టపా అవసరమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. తెలుగక్షరం తెరమీద విరగకుండా కనబడితే అదే పదివేలు అనుకున్న రోజులు మనమందరం చూశాం. గుడి ఒకచోట, వత్తు ఒకచోట పడి, అక్షరానికి బదులు చతురస్రాలు వెక్కిరించిన దశ దాటి వచ్చాం. అక్షరం కుదిరింది, ఇక వాక్యం కుదరాలి. ఒక సాఫ్ట్‌వేరు నిజంగా తెలుగు మాట్లాడుతున్నదా, లేక తెలుగు లిపిలో ఇంగ్లీషు మాట్లాడుతున్నదా అని తేల్చడానికి నాకు తెలిసిన సులువైన పరీక్ష ఒకటుంది. ఫలానా రోజు నుండి ఫలానా రోజు వరకు అన్న ముక్కను దానిచేత చెప్పించి చూడటమే ఆ పరీక్ష. ఎక్కువ భాగం అక్కడే తప్పుతాయి.

నా వాదన ముందే చెబుతాను. వ్యవధిని చెప్పడమంటే రెండు తేదీలను పక్కపక్కన పెట్టి అతికించడం కాదు. అది ఒక వాక్యనిర్మాణం. అందులో విభక్తి ఉంది, క్రమం ఉంది, ఏది మళ్ళీ చెప్పాలో ఏది చెప్పనక్కరలేదో అన్న ఔచిత్యం ఉంది. ఆ పనిని ప్రోగ్రామరు తోచినట్టు చేయకూడదు, భాషకే వదిలిపెట్టాలి. తెలుగుకు అటువంటి పద్ధతి లేదా అంటే, ఉంది. మన పంచాంగాల్లోనూ శుభలేఖల్లోనూ ఎప్పటినుంచో ఉంది. మనం దాన్ని తెరమీదికి తెచ్చుకోలేదు, అంతే.

మొదట సమస్య చూద్దాం. తొందరలో ఉన్న ప్రోగ్రామరు ఏం చేస్తాడు? మొదలయ్యే తేదీని అక్షరాలుగా మార్చి, ఒక గీత గీసి, ముగిసే తేదీని తగిలిస్తాడు. ఫలితం ఇలా ఉంటుంది: 02-03-2008 - 05-03-2008. ఇందులో ఐదు గీతలున్నాయి. నాలుగు తేదీల లోపలివి, ఒకటి తేదీల నడుమది. ఏ గీత కలుపుతున్నదో, ఏది విడదీస్తున్నదో కంటికి తెలియదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. దీన్ని హైదరాబాదులో చదివితే మార్చి 2 నుండి 5 వరకు, అంటే నాలుగు రోజులు. అమెరికాలో పాతికేళ్ళుగా ఉంటున్న మన బంధువు అక్కడి అలవాటు కొద్దీ చదివితే ఫిబ్రవరి 3 నుండి మే 3 వరకు, అంటే మూడు నెలలు! ఒక్క తేదీలో ఇటువంటి పొరపాటు జరిగితే ఏదో తేడా ఉందని అనుమానం వస్తుంది. వ్యవధిలో రెండు చివరలూ ఒకే తీరుగా తప్పి, రెండు అర్థాలూ నమ్మదగినట్టే కనబడతాయి. అందుకే ఇది ఎక్కువ ప్రమాదం.

ఈ చిక్కును పెద్దలు గుర్తించకపోలేదు. ఏ భాషలో తేదీలు, సంఖ్యలు, నెలల పేర్లు ఎలా రాయాలో ఒకచోట కూర్చిన భాండారం ఒకటుంది. కామన్ లొకేల్ డేటా రిపాజిటరీ దాని పేరు, పొట్టిగా సీఎల్‌డీఆర్. 2003 డిసెంబరులో తొలి కూర్పు వచ్చింది. 2004 నుండి యూనికోడ్ కన్సార్టియం దీన్ని నడుపుతున్నది. మన ఫోన్లూ బ్రౌజర్లూ తేదీలను తెలుగులో చూపిస్తున్నాయంటే చాలావరకు ఇందులోని సమాచారమే ఆధారం. 2008లో వచ్చిన 1.6 కూర్పులో వ్యవధులకు విడిగా నమూనాలు చేర్చారు. అదే ఏడాది వెలువడిన ఐసీయూ 4.0 (ఆస్పత్రిలోది కాదు, ప్రోగ్రామర్లు వాడుకునే కోడు సంపుటి) వాటిని వాడుకునే సాధనాన్ని ఇచ్చింది. జావాస్క్రిప్టులో ఆ సౌకర్యం ప్రమాణంగా రావడానికి 2021 దాకా పట్టింది.

ఆ పద్ధతిలోని ఆలోచన చక్కనిది. రెండు తేదీలను పెద్ద ప్రమాణం నుండి చిన్న ప్రమాణానికి పోల్చుకుంటూ వస్తారు. ముందు సంవత్సరం, తరవాత నెల, తరవాత రోజు, ఆపైన పూట, గంట, నిమిషం. మొట్టమొదట ఎక్కడ తేడా వచ్చిందో చూసి, దానికి తగిన నమూనాను ఎంచుకుంటారు. 2007 ఆగస్టు 10, 15 తేదీలకు రోజులోనే తేడా కాబట్టి నెల, సంవత్సరం ఒక్కసారి చెబితే చాలు. ఆగస్టు 30, సెప్టెంబరు 2 అయితే నెల రెండుసార్లు, సంవత్సరం ఒకసారి. 2007 డిసెంబరు 30, 2008 జనవరి 2 అయితే అన్నీ రెండుసార్లు. మనిషి మాట్లాడేటప్పుడు అప్రయత్నంగా చేసేది ఇదే. "ఆగస్టు 10 నుండి ఆగస్టు 15 వరకు" అని ఎవరూ అనరు. అంటే ఎదుటివాడు "సరేనయ్యా, నెల ఒక్కటేగా" అంటాడు.

ఇందులో గమనించవలసినది, నమూనా మొత్తం ఆయా భాష చేతిలోనే ఉంటుంది. గీతే ఉండాలన్న నియమం ఏమీ లేదు. చైనీయులు తమ తేదీల నడుమ "వరకు" అన్న అర్థమిచ్చే తమ అక్షరాన్నే పెట్టుకున్నారు. పారసీకులు "తా" అన్న తమ మాటను పెట్టుకున్నారు. జపానువారు గీతకు బదులు తమకు అలవాటైన అల గుర్తు పెట్టుకున్నారు. మరి తెలుగుకు? ఇంగ్లీషులో ఉన్న గీతే ఇక్కడా ఉంది. ఎవరూ మనమీద రుద్దలేదు. ఇంగ్లీషు నమూనాను ముందు పెట్టుకొని గడులు నింపుకుంటూ పోతే సహజంగా వచ్చే ఫలితమది. ఇదే భాండారంలో తెలుగు తేదీ సంపూర్ణ రూపం "15, ఆగస్టు 1947, శుక్రవారం" అని ఉంటుంది. ఆ 15 పక్కన కామా ఎందుకున్నదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏ తెలుగు పత్రికలో చూశాం ఆ కామాను? పూటలకైతే ఇంగ్లీషు ఏఎమ్, పీఎమ్‌లే దిక్కు.

"గీతకేమైంది? అందరికీ అర్థమవుతుందిగా!" అనవచ్చు. కంటికి అర్థమవుతుంది, నిజమే. చెవికో? గీతకు తెలుగులో ఉచ్చారణ లేదు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాధనం ఆ గీతను మింగేసిందనుకోండి, "10–15 ఆగస్టు" కాస్తా "పది పదిహేను ఆగస్టు" అవుతుంది. ఇంగ్లీషులో రెండు సంఖ్యలు అలా పక్కపక్కన వస్తే ఏదో లోపించిందని తెలుస్తుంది. తెలుగులో లోపించినట్టు తెలియదు, ఎందుకంటే "పది పదిహేను" మనకు చక్కటి నుడికారం. సుమారుగా అని దాని అర్థం. పది పదిహేను రోజుల్లో వస్తానన్నవాడు ఏ రోజు వస్తాడో వాడికే తెలియదు! కచ్చితమైన వ్యవధి చెప్పవలసిన చోట అది ఉజ్జాయింపు మాటగా మారుతుంది. చూపులేనివారు ఆస్పత్రి సమయాలో, దరఖాస్తు గడువో వినేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

కాలం మాట ఇంకా సున్నితమైనది. తెలుగులో గడియారం చూపే గంటా, గడిచిపోయే గంటా ఒకటే మాట. "రెండు నుండి నాలుగు గంటలు" అంటే పని పూర్తికావడానికి పట్టే కాలం. "రెండు నుండి నాలుగు గంటల వరకు" అంటే గడియారంలో ఆ వేళ. "రెండు నాలుగు గంటల మధ్య" అన్నా వేళే. తేడా అంతా "గంటలు", "గంటల" అన్న చిన్న మార్పులోనూ, వెనుక వచ్చే "వరకు"లోనూ ఉంది. "2–4 గంటలు" అని తెరమీద కనబడితే డాక్టరు రెండు నుండి నాలుగు దాకా ఉంటాడని అనుకోవాలా, రెండు నుండి నాలుగు గంటలసేపు కాచుకోవాలని అనుకోవాలా?

ఇక్కడే అతికింపు పద్ధతి మరొకసారి బోర్లాపడుతుంది. మంచి మనసుతోనే ఎవరో "ఇది నుండి అది వరకు" అని ఖాళీలతో ఒక మూస తయారుచేస్తారు. ఆ ఖాళీల్లో "5 గంటలు", "7 గంటలు" అన్న ముక్కలు వచ్చి పడతాయి. "5 గంటలు నుండి 7 గంటలు వరకు" అని బయటికి వస్తుంది. మన చిన్నపిల్లలు కూడా అలా అనరు. విభక్తి చేరేముందు బహువచనపు "లు" "ల"గా మారాలన్నది ఎవరూ నేర్పకుండానే వచ్చే తెలుగు. "2 రోజులు క్రితం" అని కొన్ని చోట్ల కనబడే వింత మాట కూడా ఈ అతికింపు ఫలమే. విచిత్రమేమంటే సీఎల్‌డీఆర్‌లో "రోజుల క్రితం" అని సరిగ్గానే ఉంది. దాన్ని వాడుకోకుండా ఎవరికివారు ముక్కలు అతికించుకోవడమే తప్పు. రష్యను వంటి భాషల్లో తేదీతో కలిసినప్పుడు నెల పేరు మారుతుంది కాబట్టి ఆ భాండారంలో నెలలకు విడిగా ఒక రూపం, తేదీలో మరొక రూపం ఇచ్చే వీలుంది. అంటే మాట రూపం సందర్భాన్ని బట్టి మారుతుందన్న సంగతి ఆ పద్ధతికి తెలుసు. మన మూసలు చేసేవారికే తెలియలేదు.

ఇక క్రమం. సంకల్పం చెప్పుకొనేటప్పుడు కాలాన్ని ఎలా చెబుతామో గుర్తుచేసుకోండి. కల్పం, మన్వంతరం, యుగం అని మొదలై సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం అని దిగివస్తుంది. పెద్దది ముందు, చిన్నది వెనుక. తెలుగు వాక్యం నడక కూడా అదే. "పోయిన ఏడాది శ్రావణంలో రెండో శుక్రవారం పొద్దున" అంటామే గాని తలకిందులుగా అనం. "2007 ఆగస్టు 10" అని రాసే అలవాటు తెలుగు వికీపీడియాలో కుదురుకోవడం వెనుక ఈ నడకే ఉందని నా నమ్మకం.

వ్యవధులకు ఈ క్రమం ఎంత అనుకూలమో చూడండి. రెండు తేదీలకూ ఉమ్మడిగా ఉన్నది ముందే వచ్చేస్తుంది: "2007 ఆగస్టు 10 నుండి 15 వరకు". "2007 ఆగస్టు 30 నుండి సెప్టెంబరు 2 వరకు". ఒకసారి చెప్పిన ఏడాది, నెల అవతలి కొసకు కూడా వర్తిస్తాయి. చదివేవాడు వెనక్కి తిరిగి చూడనక్కరలేదు. "10–15 ఆగస్టు, 2007" అన్నప్పుడు పదీ పదిహేనూ దేనికి చెందినవో నెల వచ్చేదాకా తెలియదు. కంప్యూటరు ఏ క్రమంలో పోల్చి చూస్తుందో సరిగ్గా ఆ క్రమంలోనే మాట్లాడే భాష మనది. అయినా మన తేదీలను తిరగేసి రాసుకుంటున్నాం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు రాత్రిది. సాఫ్ట్‌వేరు దృష్టిలో రోజు రాత్రి పన్నెండుకు మారుతుంది. మన నోటిలో రోజు తెల్లవారితే మారుతుంది. "శనివారం రాత్రి ఒంటిగంట" అన్నమాట మనకు స్పష్టం. యంత్రానికి అది ఆదివారం. ఆదివారం 00.10కి బయలుదేరే రైలుకు శనివారం రాత్రే స్టేషనుకు వెళ్ళాలన్నది తెలియక ఒక రోజు ఆలస్యంగా వెళ్ళినవారి కథలు ప్రతి కుటుంబంలోనూ వినబడతాయి. ఇంట్లో ఉపనయనానికో పెళ్ళికో ముహూర్తం తెల్లవారుజామున పడితే ఈ గొడవ మరీ ఎక్కువ.

పంచాంగకర్తలకు ఈ చిక్కు తెలుసు. వారి రోజు సూర్యోదయం నుండి సూర్యోదయం దాకా. వర్జ్యం వంటి వ్యవధిని వారు ఎలా రాస్తారో చూశారు కదా: "ఉ. 7.32 ల 9.08 వ". "ల" అంటే లగాయతు, "వ" అంటే వరకు. లగాయతు కచేరీ కాగితాల భాష నుండి వచ్చిన మాట, మొదలుకొని అని అర్థం. రెండు అక్షరాల్లో మొదలూ తుదీ తేలిపోయాయి. గీత అవసరం రాలేదు. స్థలం చాలదు కాబట్టి గీతే గతి అనేవారికి ఇదే జవాబు. పంచాంగంలో ఒక రోజుకు దొరికే చోటు ఫోను తెరకన్నా చిన్నది! తిథికి, నక్షత్రానికి అంత కూడా అక్కరలేదు. "ఏకాదశి రా. 8.32" అని ముగింపు ఒక్కటే చెబుతారు. ముందు తిథి ముగిసినప్పుడే ఇది మొదలైంది కాబట్టి మొదలు మళ్ళీ చెప్పరు. చెప్పనక్కరలేనిది చెప్పకపోవడమనే సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ ప్రమాణపత్రంలోనూ దొరకదు.

అర్ధరాత్రి దాటిన వేళలకు వారు "తె." అని రాస్తారు. తెల్లవారుజాము అన్నమాట. "శనివారం గడిలో తె. 4.10" అంటే గడియారం ప్రకారం ఆదివారం వేకువ, పంచాంగం ప్రకారం ఇంకా శనివారమే. ఆ ఒక్క అక్షరం అనుమానం లేకుండా చేసింది. శుభలేఖల్లో ఇంకా జాగ్రత్త: "15-5-2010 శనివారం రాత్రి 2.35 గంటలకు (తెల్లవారితే ఆదివారం)". ఆ బ్రాకెట్లలోని రెండు మాటలు ఎందరి ప్రయాణాలను కాపాడాయో! గడియారపు రోజునూ మన రోజునూ రెండింటినీ గౌరవించి, చదివేవాడు ఎటునుండి వచ్చినా సరైన రాత్రికే చేరేలా చేసిన ఏర్పాటది. ఇంత స్పష్టత ఏఎమ్, పీఎమ్‌లకు రాదు. "12 ఏఎమ్" అంటే పగలో రాత్రో తడుముకునేవారు చదువుకున్నవారిలోనే బోలెడంతమంది.

సీఎల్‌డీఆర్‌లో పూటల పేర్లకు చోటు లేకపోలేదు. తెలుగుకు అర్ధరాత్రి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని నింపారు. నేను చూసిన కూర్పుల్లో ఉదయం 6 నుండి 12 వరకు, మధ్యాహ్నం 12 నుండి 6 వరకు, సాయంత్రం 6 నుండి 9 వరకు, ఆ తరవాత మళ్ళీ ఉదయం 6 దాకా అంతా రాత్రే. దీని ప్రకారం వేకువ ఐదున్నర "రాత్రి 5.30" అవుతుంది. సుప్రభాతసేవకు లేచినవారిని ఎప్పుడు లేచారని అడిగి చూడండి, "రాత్రి ఐదింటికి" అంటారేమో! పొద్దువాలే ఐదున్నర "మధ్యాహ్నం 5.30" అవుతుంది. మనం తెల్లవారుజామున అంటాం, సాయంత్రం అంటాం. పూటకొక పేరున్న భాషకు ఐదు గడులు సరిపోవు. ఆ గడుల సరిహద్దులను గడియారాన్ని చూసి కాక మన వాడుకను విని గీయాలి.

ఇప్పుడు ఈ రెండు రోజుల తేడా వ్యవధిలో ఏం చేస్తుందో చూడండి. హైదరాబాదులో శనివారం మధ్యాహ్నం 12.30 నుండి 2.30 వరకు ఒక అంతర్జాల సమావేశం ఉందనుకుందాం. చలికాలంలో కాలిఫోర్నియాకు మనకు పదమూడున్నర గంటల తేడా. అక్కడివారికి అది శుక్రవారం రాత్రి 11 నుండి 1 వరకు. ఇక్కడ ఒకే తేదీలో ఇమిడిన వ్యవధి అక్కడ రెండు తేదీల మీద పడింది. కాబట్టి ఇక్కడ కూర్చిన పాఠాన్ని అక్కడికి పంపి అంకెలు మారిస్తే కుదరదు. అక్కడి కాలంలో మళ్ళీ పోల్చుకొని, మళ్ళీ కొత్తగా కూర్చాలి. పైగా యంత్రం దాన్ని రెండు పూర్తి తేదీలతో సాగదీసి రాస్తుంది. అక్కడి తెలుగువాడు "శుక్రవారం రాత్రి 11 నుండి 1 వరకు" అని ఊరుకుంటాడు. ఒకే రాత్రి కదా!

ఇక మిగిలినది "వరకు" అన్న మాటే. సంక్రాంతి సెలవులు 2024 జనవరి 14 నుండి 16 వరకు అంటే భోగి, పండుగ, కనుమ మూడు రోజులూ కలిసే ఉన్నాయి. పదహారు లోపలిదే. కంప్యూటరువారి లెక్క వేరు. మొదలును కలుపుకొని తుదిని వదిలేస్తే లెక్కలు సులువవుతాయని డైక్‌స్ట్రా 1982లో రాసిన ఒక చిన్న వ్యాసం ప్రసిద్ధం. క్యాలెండరు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ప్రమాణం, 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5545, కూడా ముగింపును వ్యవధిలో కలపదు. కాబట్టి పై మూడు రోజుల పండుగ యంత్రం లోపల 14 నుండి 17 అని నిలవ ఉంటుంది. చూపించేటప్పుడు ఒక రోజు తగ్గించాలన్న స్పృహ లేకపోతే తెరమీద 17 వరకు అని పడి, బడిపిల్లలకు ఒక రోజు సెలవు అదనంగా దొరుకుతుంది. వారు సంతోషిస్తారు గాని, అదే లెక్క ఫీజు గడువుకు తప్పితే ఒక ఏడాది చదువు పోతుంది.

అలాగని మన "వరకు" ఎప్పుడూ తుదిని కలుపుకుంటుందా అంటే అదీ లేదు. "సోమవారం వరకు దుకాణం ఉంటుంది" అంటే సోమవారం కూడా ఉంటుంది. "సోమవారం వరకు దుకాణం తెరవరు" అంటే సోమవారం తెరుస్తారనే చాలామందికి తోస్తుంది. వాక్యం వ్యతిరేకార్థకమైతే అదే "వరకు" గీతకు అవతలికి దూకుతుంది. "15లోగా" అన్న మాట గడువుకు ఇంకాస్త బిగువు ఇస్తుంది. "15వ తేదీ రాత్రి 12 గంటల వరకు" అన్నది మరీ అన్యాయం. ఆ పన్నెండు 15కు మొదలా, చివరా? ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఇక్కడ తటపటాయించింది. రోజు చివరను 24.00 అని రాయడాన్ని 2019 కూర్పులో తీసేసి, 2022 సవరణలో మళ్ళీ చేర్చుకున్నారు. అంతటివారికే తేలని చోట సామాన్యుడిని అయోమయంలో పెట్టడం తగదు. గడువు తేదీని చెప్పేటప్పుడు "15 కూడా కలిపి" అని రాస్తే ఏం పోతుంది? పాత దస్తావేజుల్లో అంత వివరంగా రాసేవారు. వారికి తెలియక కాదు, తగువులు చూసినవారు కనుక.

ఇంకొక హెచ్చరిక ప్రోగ్రామరు మిత్రులకు. ఇలా కూర్చిన పాఠం మనిషి చదవడానికే. యంత్రం మళ్ళీ చదువుకోవడానికి కాదు. 2022 అక్టోబరులో వచ్చిన సీఎల్‌డీఆర్ 42వ కూర్పులో ఇంగ్లీషు వేళల్లో ఏఎమ్, పీఎమ్‌ల ముందున్న మామూలు ఖాళీని సన్నని ఖాళీగా మార్చారు. కంటికి తేడా తెలియదు. 2023 మార్చిలో వచ్చిన జావా 20 ఆ మార్పును అందుకోగానే, పాఠాన్ని తిరిగి తేదీగా చదువుకుంటున్న ప్రోగ్రాములు మొరాయించాయి. క్రోమ్ బ్రౌజరువారు ఆ ఏడాదే మామూలు ఖాళీకి తిరిగి వెళ్ళవలసి వచ్చింది. ఒక్క ఖాళీకే ఇంత జరిగితే, రేపు గీత స్థానంలో "నుండి", "వరకు" వచ్చిననాడు ఎన్ని విరుగుతాయో! యంత్రాల మధ్య ఐఎస్ఓ రూపం ఎలాగూ ఉంది. వాటి గొడవ వాటికి వదిలి, మనిషికి మనిషి భాషలో చెప్పాలి.

నేను కోరుతున్నవి ఇవి:

1. వ్యవధిని ఒకే పదార్థంగా చూడాలి. రెండు తేదీలను విడివిడిగా పాఠంగా మార్చి అతికించడం మానాలి. సాధనాలు చేతిలో ఉన్నాయి.

2. తెలుగులో వాక్యంగా చదవవలసిన చోట "నుండి – వరకు" రూపమే ఉండాలి. పట్టికల్లో, ఇరుకు చోట్ల గీత ఉంటే ఉండనివ్వండి. "సోమ–శుక్ర" వంటివి మనకు అలవాటే. పొడుగు రూపానికి, పొట్టి రూపానికి వేరువేరు నమూనాలు ఇచ్చే వీలు ఎటూ ఉంది.

3. పెద్దది ముందు, చిన్నది వెనుక: ఏడాది, నెల, రోజు, పూట, వేళ.

4. పూట పేరు మారితే రెండు కొసలా చెప్పాలి: "సాయంత్రం 5 నుండి రాత్రి 9 వరకు". మారకపోతే ముందే ఒకసారి: "ఉదయం 9 నుండి 11 వరకు". తెల్లవారుజాముకు తన గడి తనకు ఇవ్వాలి.

5. అర్ధరాత్రి దాటే వ్యవధికి "తెల్లవారితే" వంటి ఏర్పాటు ఉండాలి. గడువులకు తుది రోజు కలిసినదో లేదో మాటల్లో చెప్పాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. తెలుగు ఒక్కటే కాదు గదా; తెలంగాణలో, రాయలసీమలో, కోస్తాలో "నుండి", "నుంచి", "వరకు", "దాకా" వేరువేరుగా పలుకుతాయి. ఏది ప్రమాణం? గీత అయితే అందరిదీ, ఎవరిదీ కాదు. ఈ మాటలో నిజం ఉంది. కాని ఆ లెక్కన "నేడు", "ఇవాళ", "ఈరోజు" కూడా వేరువేరే. అయినా తెరమీద ఏదో ఒకటి ఎంచుకున్నాం, మిగతావారికి అర్థం కాకుండా పోలేదు. ఎవరికీ చెందని గుర్తును ఎంచుకోవడం తటస్థతగా కనిపిస్తుంది గాని, దానివల్ల మాట్లాడే బాధ్యత నుండి భాష తప్పుకుంటుంది. "నుండి, వరకు" రాతలో అందరూ ఒప్పుకున్న జంట. దానితో మొదలుపెట్టవచ్చు.

సీఎల్‌డీఆర్ ఎవరో దూరాన కూర్చొని రాసే శాసనం కాదు. సర్వే టూల్ అనే వేదికలో సంస్థల ప్రతినిధులతోపాటు స్వచ్ఛందంగా వచ్చినవారూ నమూనాలు ప్రతిపాదించవచ్చు, ఓటు వేయవచ్చు. తెలుగు గడుల్లో ఇంగ్లీషు గీత నిలిచి ఉన్నదంటే, అది చాలదని చెప్పేవారు తగినంతమంది అక్కడికి వెళ్ళకపోవడమే కారణమని నేననుకుంటున్నాను. వెళ్ళేముందు చేయవలసిన పని కూడా ఒకటుంది. మీ ఇళ్ళలో పాత పంచాంగాలు, శుభలేఖలు, దస్తావేజులు, కరపత్రాలు ఉంటే ఒకసారి తీసి చూడండి. మొదలును, తుదిని, రాత్రిని, వేకువను వాటిలో ఎన్ని విధాలుగా చెప్పారో ఏరి ఒకచోట రాయండి. ప్రాంతానికొక రూపం దొరికితే మరీ మంచిది. మా వాడుక ఇది అని ఉదాహరణలు చేతిలో పెట్టుకొని అడిగితే కాదనేవారు ఉండరు.